విడిచిపోయిన వెలుగు – దిగివచ్చిన వెలుగు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: మార్కు 15:33–39, యోహాను 1:5

ఆత్రేయపురంలోను, చుట్టుప్రక్కల లంక గ్రామాలలోను, ఇంకా ఎక్కడెక్కడ ఈ వర్తమానము వింటున్నారో అక్కడ మీ కుటుంబములను ప్రభువు దీవించును గాక. ఈ దినమున వెలుగు, చీకటి అను అంశమును ధ్యానించుకుందాం. పరిశుద్ధ గ్రంథము దగ్గరున్నవారు మార్కు సువార్త 15వ అధ్యాయము తీసి ఉంచుకోండి.

బొబ్బర్లంక మీదుగా ఆనకట్ట దాటి, ధవళేశ్వరం గుండా రాజమహేంద్రవరం వెళ్లి వచ్చే మీకు సారంగధర మెట్ట పేరు తెలిసే ఉంటుంది. ఆ కథ మన పెద్దలు చెప్పగా విన్నదే. రాజరాజ నరేంద్రుని కుమారుడు సారంగధరుడు తన పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మేడకు వెళ్తాడు. ఆమె అతన్ని మోహిస్తుంది. అతడు కాదంటాడు. ఆమె నేరం అతని మీదికి తోస్తుంది. రాజు విచారించకుండానే కొడుకు కాళ్లు చేతులు నరికించమని ఆజ్ఞ ఇస్తాడు. ఇది నిజంగా జరిగిన చరిత్ర అని పండితులు ఒప్పుకోరు. అయినా ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు దీనిని ‘విషాద సారంగధర’ అనే నాటకంగా రాశారు. 1957లో సినిమాగా కూడ వచ్చింది. ఎందుకు ఈ కథను మనవాళ్లు మరచిపోలేదు? నిర్దోషి మీద నింద పడినప్పుడు కడుపు తరుక్కుపోతుంది గనుక.

ప్రియులారా, ఇంచుమించు ఇదే కథను క్రీస్తుపూర్వం 428లో గ్రీసు దేశంలోని ఏథెన్సు పట్టణంలో నాటకంగా ఆడారు. రాసినవాడు యురిపిడీస్. నాటకం పేరు ‘హిప్పోలిటస్’. రాజు థీసియస్, రాణి ఫెడ్రా, సవతి కుమారుడు హిప్పోలిటస్. అప్పట్లో నాటకాలు రాత్రి దీపాల క్రింద ఆడేవారు కారు. కొండ వాలున బయలు ప్రదేశంలో, పట్టపగలు, ఎండలో ఆడేవారు. అంత వెలుగులో వారు చూపించింది మాత్రం మనిషి లోపలి చీకటినే.

ఫెడ్రా జబ్బుపడి మంచం పట్టింది. ఆమె జబ్బు దేహానిది కాదు, దాచుకున్న కోరికది. ఎండలోకి తీసుకువెళ్లమంటుంది. మంచం బయట వేస్తారు. బయట ఎంత ఎండ ఉన్నా ఆమె గుండెలోనికి ఒక్క కిరణం పోదు. తప్పుచేసే భార్యలు చీకటికి భయపడరా, ఇంటి గోడలే నోరు తెరచి చెబుతాయని వణకరా అని ఆమే అడుగుతుంది. చివరికి రహస్యం బయటపడుతుందని భయపడి ఉరి వేసుకుంటుంది. చేతిలో ఒక పలక విడిచిపోతుంది. దాని మీద అబద్ధం రాసి ఉంది. థీసియస్ ఆ పలకను నమ్మి కొడుకును శపిస్తాడు. గుర్రాలు బెదరి హిప్పోలిటస్‌ను రాళ్ల మీద ఈడ్చుకుపోతాయి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. అతడు జీవితమంతా నమ్ముకున్నది అర్తెమి దేవిని. ఈ పేరు మీకు కొత్త కాదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణస్థులు కేకలు వేసింది ఆ పేరు మీదనే. ఆ దేవత వస్తుంది. నిజమంతా వెలుగులోకి తెస్తుంది. కొడుకు నిర్దోషి అని తండ్రికి చెబుతుంది. కాని కొనఊపిరితో ఉన్న భక్తుని దగ్గర ఆమె నిలువదు. చనిపోయేవారిని చూడటం దేవతలకు తగదని సెలవు తీసుకుని వెళ్లిపోతుంది. ఇంతకాలపు స్నేహాన్ని ఎంత తేలికగా వదిలేస్తున్నావని అతడంటాడు. ఆ తరువాత అతని కన్నులకు చీకటి కమ్ముతుంది. ముఖం మీద గుడ్డ కప్పమని తండ్రిని అడిగి ప్రాణం విడుస్తాడు.

చనిపోయే ముందు ఆ కుమారుడు తండ్రిని క్షమించాడు. ఆ మాట కూడ మనం చెప్పుకోవాలి. యురిపిడీస్ మనిషి హృదయం బాగా ఎరిగినవాడు. కాని ఆయనకు తెలిసిన వెలుగు తప్పును చూపగలదు, నిందను తుడవగలదు. మరణం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వెలుగు ఆగిపోతుంది.

పరిశుద్ధ గ్రంథములో కూడ ఇలాంటి నింద మోసిన యౌవనుడున్నాడు. ఆదికాండము 39వ అధ్యాయము చదవండి. పోతీఫరు భార్య యోసేపు వస్త్రము పట్టుకుంది. అతడు పారిపోయాడు. ఆ వస్త్రమే అబద్ధ సాక్ష్యమైంది. యజమానుడు కోపంతో చెరసాలలో వేయించాడు. అక్కడ వాక్యము మనకు చెప్పే సంగతి ఏమిటి? చెరసాలలో కూడ యెహోవా యోసేపుకు తోడైయున్నాడు. వెంటనే తలుపులు తెరచుకోలేదు. నింద వెంటనే పోలేదు. అయితే దేవుడు గుమ్మం బయట ఆగిపోలేదు.

ఇప్పుడు మార్కు 15వ అధ్యాయమునకు రండి. మన ప్రభువు మీద కూడ అబద్ధ సాక్షులు లేచారు. ఆయనకు కూడ న్యాయం దొరకలేదు. మధ్యాహ్నం మొదలుకొని మూడు గంటలవరకు ఆ దేశమంతటా చీకటి కమ్మింది. పట్టపగలు చీకటి! ఏథెన్సులో ఎండలో మనిషి చీకటిని చూపించారు. గొల్గొతాలో చీకటి నడుమ దేవుని వెలుగు వ్రేలాడుతోంది. ఆయన చీకటిని దూరం నుండి చూసి జాలిపడలేదు, దానిలోనికి ప్రవేశించాడు. విడువబడినవాని మొఱ్ఱ ఆయనే పెట్టాడు. ప్రక్కనున్న దొంగ నిర్దోషి కాడు. అయినా చనిపోయే ఆ దొంగ ప్రక్కన ఆయన ఉన్నాడు. ఆ దినముననే తనతో కూడ పరదైసులో ఉంటాడని వానికి మాట ఇచ్చాడు.

1996 నవంబరులో మన కోనసీమ మీద తుపాను పడిన రాత్రి మీలో చాలామందికి జ్ఞాపకమే. స్తంభాలు కూలాయి, కొబ్బరిచెట్లు విరిగాయి, కరెంటు లేదు. అలాంటి రాత్రి ఎక్కడో దూరాన డాబా మీద వెలుగుతున్న దీపం మనకేమి ఉపయోగం? లాంతరు పట్టుకుని, బురదలో దిగి, మన గుమ్మం దాకా వచ్చి పేరు పెట్టి పిలిచినవాడే మనకు వెలుగు. యోహాను 1వ అధ్యాయము 5వ వచనములో చెప్పబడిన వెలుగు అటువంటిది. చీకటి దానిని ఆర్పలేకపోయింది.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఈ దినమున నిన్ను మూడు సంగతులు అడుగుతున్నాను.

ఫెడ్రా వలె నీ లోపల ఏదైనా దాచుకుని కుమిలిపోతున్నావా? బయటపడితే నా బ్రతుకు అయిపోయింది అనుకుంటున్నావా? ప్రాణం తీసుకోవద్దు. ఒకరి మీదికి నింద తోయవద్దు. నిన్ను వెలుగులోకి పిలిచేవాడు నిన్ను క్షమించేవాడే. నమ్మకమైన ఒక్కరితోనైనా ఈ రోజే మాట్లాడు.

థీసియస్ వలె, రాజరాజు వలె, ఒకవైపు మాట విని తీర్పు తీర్చావా? ఆ దినాలలో పలక, ఈ దినాలలో సెల్‌ఫోనులో వచ్చే మెసేజి. కోడలి మీదనైనా, కొడుకు మీదనైనా, సంఘములో తోటి విశ్వాసి మీదనైనా, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. నిజం ఆలస్యంగా తెలిస్తే కన్నీళ్లే మిగులుతాయి.

మూడవది. మీ వీధిలో మంచం పట్టి ఎవరైనా చివరి దినాలలో ఉన్నారా? అర్తెమి వలె వెళ్లిపోవద్దు. ఏమి మాట్లాడాలో తెలియకపోయినా పర్వాలేదు. వెళ్లి ప్రక్కన కూర్చో. చెయ్యి పట్టుకో. గొంతు తడుపు. క్రీస్తు వెలుగు ఆ గదిలోనికి నీ కాళ్లతో నడిచి వెళుతుంది.

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మా చీకటిలోనికి దిగివచ్చిన నీ కుమారుని బట్టి వందనములు. నింద మోయువారికి తోడుగా ఉండుము. దాచుకుని నలిగిపోవువారిని వెలుగులోనికి నడిపించుము. మరణపడక మీదనున్న వారిని విడువకుము, మమ్మును వారియొద్దకు పంపుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.