అంగవైకల్య భృతియు, బీమా సొమ్మును



మిల్లు యంత్రమునబడి మణికట్టువరకు చేయి పోగొట్టుకొన్న కార్మికుని యింట మొదట ఏడ్పు పుట్టును. ఆ వెనుక లెక్క పుట్టును. బీమా సొమ్ము తీసికొన్నచో నెలనెలా వచ్చు భృతి ఆగిపోవునేమోయని పాలసీ కాగితమును పెట్టె యడుగున దాచువారు కలరు.

1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టము, అనగా అందరెఱిగిన ఇ.ఎస్.ఐ., అట్టి గాయమును సంపాదనాశక్తిలో నూటికి 60 వంతుల నష్టముగా గణించినది. పూర్ణవైకల్యమునకు భృతి వేతనములో నూటికి 90 వంతుల వరకు పెరిగినది. ఆ రేటున సగటు వేతనము 10,000 రూపాయలైనచో 9,000లో నూటికి 60 వంతులు, అనగా 5,400 రూపాయలు, యావజ్జీవము. మరల పనిలో చేరినను అది నిలువదు.

అయితే ఆ చట్టపు 53వ సెక్షను ఒక తలుపు మూసినది. భృతికి అర్హుడైనవాడు అదే గాయమునకు 1923 నాటి పరిహార చట్టము క్రింద యజమానిని అడుగరాదని అది శాసించినది. సివిలు దావాయు కూడదని 1997లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. ఒక నష్టమునకు రెండు జమలు లేవన్నమాట. యజమాని అజాగ్రత్తవలన చేయి పోయినవానికి ఇది చేదుగానే తోచును.

సొంతముగా తీసికొన్న జీవిత బీమా మాట వేరు. అది యజమాని ఋణము కాదు. కడుపు కట్టుకొని చెల్లించిన ప్రీమియము ఫలము. మోటారు ప్రమాద పరిహారమునుండి మృతుని జీవిత బీమా సొమ్ము తగ్గింపరాదని 1998లో సుప్రీము కోర్టు చెప్పినదియు ఈ హేతువుతోనే.

కావున పాలసీ కాగితము పెట్టెలోనుండి బయటికి రావలెను. దానితోపాటు ప్రమాద నివేదిక నకలును, వైద్యుని పత్రమును.