వెనక దించాక ట్రక్కు వణుకుతోందా? తప్పు షాఫ్ట్‌ది కాదు, యాంగిల్‌ది!

ఈరోజు ఎపిసోడ్ పూర్తిగా అమెరికా ముచ్చట. పికప్ ట్రక్కుని నేలకి ఆనేంత కిందికి దించి తిప్పడం అక్కడ పెద్ద సరదా. షెవర్లే ఎస్-10 లాంటి చిన్న ట్రక్కులు దీనికి ఫేమస్. (ఇక్కడ ట్రై చేద్దామనుకునే వాళ్లు ముందు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి. తర్వాత నన్ను తిట్టుకోవద్దు.) టెక్సాస్‌లో సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొన్న మన కుర్రాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, వెనక దించాక 60 మైళ్ల స్పీడ్‌లో సీటు కింద వణుకుతోంది. షాఫ్ట్ బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు."

పోదు తమ్ముడూ. ఎందుకో చూద్దాం.

గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు చివరలా యూ-జాయింట్లు ఉంటాయి. మన మెకానిక్‌లు 'క్రాస్' అంటారే, అవే. క్రాస్ వంగి తిరిగితే, ఇటు స్పీడ్ ఒకేలా ఉన్నా అటు స్పీడ్ ఒక్కో రౌండ్‌కి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 3 డిగ్రీల వంపులో తేడా దాదాపు 0.14 శాతమే. 10 డిగ్రీలైతే ఒకటిన్నర శాతం. 28 అంగుళాల టైరు, 3.42 రేషియో అనుకుంటే 60 మైళ్ల దగ్గర షాఫ్ట్ నిమిషానికి దాదాపు 2,460 రౌండ్లు కొడుతుంది. అంటే సెకనుకి 82 కుదుపులు!

మరి కంపెనీ బండి ఎందుకు వణకదు? ముందు క్రాస్ చేసిన తేడాని వెనక క్రాస్ కొట్టేస్తుంది కాబట్టి. దానికి రెండు వంపులూ సమానంగా ఉండాలి. గేర్‌బాక్స్ 3 డిగ్రీలు వెనక్కి వాలితే, పినియన్ ముక్కు 3 డిగ్రీలు పైకి చూడాలి. రెండూ సమాంతరం అన్నమాట.

ఇక్కడే చాలామంది పొరబడతారు. యాక్సిల్ తిరక్కుండా నిటారుగా 5 అంగుళాలు పైకి వెళ్తే సమాంతరం చెడదు. 60 అంగుళాల షాఫ్ట్ వాలు 4.8 డిగ్రీలు మారుతుంది, కానీ రెండు చివరలా ఒకేలా మారుతుంది. కొంప ముంచేది ఎత్తు కాదు, యాక్సిల్ తిరగడం.

ఉదాహరణకి డ్రాప్ షాకిల్. కమాన్ కట్ట వెనక చివర మాత్రమే ఫ్రేమ్ వైపు 4 అంగుళాలు లేస్తుంది. 56 అంగుళాల కట్ట అయితే అది 4 డిగ్రీలు తిరుగుతుంది. పినియన్ ముక్కు అంతే కిందికి వాలుతుంది. బండి దిగేది రెండంగుళాలు, యాంగిల్ చెడేది నాలుగు డిగ్రీలు. అదీ బేరం.

దీనికి మందు వెడ్జ్ షిమ్, కట్టకీ యాక్సిల్ సీటుకీ మధ్య పెట్టే ఏటవాలు పలక. ముక్కు పైకి లేపాలంటే, యాక్సిల్ కట్ట కింద ఉన్న బండిలో లావు అంచు వెనక్కి పెట్టాలి. ఫ్లిప్ కిట్ వేసి యాక్సిల్‌ని కట్ట పైకి తెచ్చారా, అప్పుడు లావు అంచు ముందుకి. రివర్స్‌లో పెడితే తప్పు డబుల్ అవుతుంది.

కొలవడానికి ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు. కవర్ తీసి, ఫోన్ అంచుని ఆనించండి. వీపు ఆనిస్తే కెమెరా బుడిపె వల్ల తప్పు చూపిస్తుంది. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. ఫ్రేమ్ కింద స్టాండ్లు పెట్టి యాక్సిల్ వేలాడుతుండగా తీసిన రీడింగ్ చెత్తబుట్టకే. గేర్‌బాక్స్, షాఫ్ట్, పినియన్, మూడు రీడింగులు తీయండి. మనకి కావాల్సింది వాటి మధ్య తేడాలే కాబట్టి నేల కాస్త వాలుగా ఉన్నా ఫర్వాలేదు. షాఫ్ట్ వెనక్కి దిగుతోందా, ఎక్కుతోందా అన్నది మాత్రం రాసుకోండి. ప్లస్సు మైనస్సు తారుమారైతే లెక్కంతా పోయినట్టే.

ఒక్కో క్రాస్ వంపు 3 డిగ్రీల లోపు, రెండింటి తేడా 1 డిగ్రీ లోపు ఉంటే మంచిది. సున్నా కూడా వద్దు. అర డిగ్రీ అయినా వంగకపోతే లోపలి సూది బేరింగులు కదలక ఒకేచోట గుంట పడిపోతాయి. కమాన్ కట్టల బండిలో ఇంకో తిరకాసు ఉంది. యాక్సిలరేటర్ తొక్కగానే కట్ట మెలి తిరిగి ముక్కు పైకి లేస్తుంది. అందుకే నిలబడి ఉన్నప్పుడు సమాంతరం కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందికి పెడతారు.

వణుకే కదా అని అలాగే తిప్పకండి. ముందు క్రాస్ హైవే మీద విరిగితే షాఫ్ట్ రోడ్డు మీద పడి బండినే ఎత్తేయగలదు. షాఫ్ట్ కింద సేఫ్టీ లూప్ వేయించడం అందుకే.

చివరగా, యాక్సిల్ పైకి వెళ్లాక స్లిప్ యోక్ గేర్‌బాక్స్ లోపలికి పూర్తిగా తన్నుకుంటోందేమో చూడండి. కనీసం ముప్పావు అంగుళం ఖాళీ మిగలాలి. లేకపోతే షాఫ్ట్ పొట్టి చేయించాల్సిందే. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్నవాళ్లకి మధ్య బేరింగ్ గొడవ వేరే ఉంది. అది నెక్స్ట్ ఎపిసోడ్‌లో.