మద్యపానమువలన చెడిన నరములు – మరల కోలుకొను విధము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఏటేట ఈ సభయందు విద్యనుగూర్చియో, నీతిశాస్త్రమునుగూర్చియో మాటలాడుటకు మీరు నా కవకాశ మిచ్చుచు వచ్చితిరి. ఈ యేడు కార్యదర్శిగారు విషయ మేమని యడిగినపుడు, 'నా కాళ్లనుగూర్చి' యంటిని. ఆయన నవ్విరి. నేను పరిహాసమాడలేదు. మీలో పలువురు నా చేతికఱ్ఱను చూచి 'మాష్టారికి వాతము' అనుకొనుచున్నారు. అది వాతము కాదు, మద్యపాన ఫలము. ముప్పదియేండ్లు పిల్లలకు నీతి చెప్పిన నోటితో ఈ మాట చెప్పుట సులభము కాదు. కాని చెప్పకున్నచో, నేను పడిన బాధ మఱియొకరి కుపయోగపడక నాతోనే పోవును.

భారతమున మౌసలపర్వకథ మీరెఱిగినదే. ద్వారకలో ఎవ్వరును మద్యము చేయరాదనియు, చేసినచో మరణదండన మనియు చాటింపు వేయించిరి. అయినను ప్రభాసతీర్థమునకు బంధుమిత్రులతో పోయిన యాదవులు అచట త్రాగి, ఒకరినొకరు చంపుకొనిరి. రాజశాసన మడ్డగించినదానిని బంధువుల పంక్తి లోనికి తెచ్చెను. నా కథయు బంధువుల పంక్తిలోనే మొదలయ్యెను. నలువదవయేట ఒక పెండ్లిలో 'ఒక్క గ్రుక్క కేమగును?' అని గ్లాసు చేతికిచ్చిరి. కొన్నియేండ్లకే త్రాగనిదే రాత్రి నిద్రపట్టని స్థితి వచ్చెను.

మొదట అరికాళ్లలో మంటలు పుట్టెను. వేడిచేసినదనుకొని మజ్జిగ త్రాగితిని. పాదములకు తడిగుడ్డ చుట్టుకొని పండుకొంటిని. పిదప చీమలు ప్రాకినట్లుండెను. ఆపైన కాళ్లు మొద్దుబారెను. ఒకనాడు బజారునుండి ఒంటిచెప్పుతో ఇల్లు చేరితిని. రెండవది యెచట జారిపోయెనో నాకు తెలియలేదు. ముఖము కడుగుకొనుటకు కన్నులు మూసికొన్నచో తూలి పడబోవుచుంటిని. నేల యెచటనున్నదో పాదము మెదడునకు తెలుపుట మానెను. కన్ను చూచుచున్నంతసేపే కాలు నిలుచుచుండెను.

వైద్యులు నన్ను పరీక్షించి 'త్రాగుదురా?' అని యడిగిరి. 'పండుగలకు' అంటిని. ప్రక్కనున్న నా ధర్మపత్ని 'ప్రతిరాత్రియు, పదునైదేండ్లుగా' అని చెప్పెను. నాకు పట్టరాని కోపము వచ్చెను. ఆనాడు ఆమె మొగమాటపడి యూరకున్నచో, నేడు నేనీ వేదికపై నిలుచుండి యుండను. మధుమేహమువలనను, బి12 విటమిను లోపమువలనను ఇట్టి లక్షణములే కలుగును గనుక, రక్తపరీక్షలు చేయించి, అవి కావని తేల్చిన పిమ్మటనే వైద్యులు వ్యాధి పేరు చెప్పిరి.

మద్యము నరములను రెండువిధముల చెఱచును. అది స్వయముగా విషము. అదిగాక ఆకలిని చంపి, తిన్న యాహారమునుండి థయామిన్ అను బి1 విటమినును శరీరము గ్రహింపకుండ చేయును. పొడవైన నరములు ముందు చెడును. అందుచేతనే వ్యాధి పాదములలో మొదలై పైకి ప్రాకును. బోస్టను నగరవైద్యుడగు జేమ్స్ జాక్సన్ 1822లోనే దీనిని వర్ణించెను. ఆ విటమిను లోపమువలన కలుగు బెరిబెరి మన ఉత్తరసర్కారు జిల్లాల కెఱుకపడిన వ్యాధియే. దానిపై మాల్కంసన్ అను వైద్యుడు 1835లో మద్రాసున గ్రంథము ప్రకటించెను. 19వ శతాబ్ది చివర జావాద్వీపమున ఐక్మన్ అను పండితుడు, తవుడు తీసిన బియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు పెట్టగా కోలుకొనుటయు కనుగొనెను. 1936లో ఆ విటమినును ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్టు విలియమ్సు 1886లో మన నెల్లూరులో పుట్టినవాడు.

ఇక చికిత్స. మొదటిది మద్యమును పూర్తిగా మానుట. తగ్గించుట చాలదు. కాని ఒక హెచ్చరిక: ఏండ్లతరబడి మిక్కుటముగా త్రాగినవాడు ఇంట కూర్చుండి తనంతట ఒక్కసారిగా మానరాదు. వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణమే పోవచ్చును. వైద్యుల కనుసన్నలలో మానవలెను. రెండవది థయామిన్, నాకు మొదట సూదిమందుగాను, పిదప మాత్రలుగాను ఇచ్చిరి. మూడవది పప్పు, ఆకుకూరలు, గ్రుడ్లు, పాలతో వేళకు భోజనము. నాలుగవది వ్యాయామము, గోడ పట్టుకొని మడమ లెత్తుట మొదలు చంటిబిడ్డవలె నడక నేర్చితిని. అయిదవది పాదరక్ష. స్పర్శలేని కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు ముదిరిన కాలికే మోసము. ప్రతిరాత్రి అద్దము పెట్టి అరికాళ్లు చూచుకొందును. ఇంటిలోను చెప్పులు విడువను.

ఓపికయే కష్టము. చెడిన నరము అనుకూలస్థితిలో తిరిగి పెరుగునది దినమునకు సుమారు 1 మిల్లీమీటరు. అనగా నువ్వుగింజ మందము. మోకాలినుండి కాలివ్రేలికి అరమీటరు దూరమున్నచో, లెక్క మీరే కట్టుకొనుడు, 500 దినములు! మరల త్రాగినచో పెరుగుదల నిలిచి చెడుటయే సాగును. ఆరుమాసములవఱకు నాకే మార్పును కనబడలేదు. మందులు వృథా యని విసిగితిని. ఎనిమిదవమాసమున మంటలు తగ్గెను. రెండవయేట కార్తికమాసమున ఒక ప్రాతఃకాలము తులసికోట ముందటి తడినేలపై కాలుంచగా, చల్లగా తోచెను. నా భార్యను పిలిచి చెప్పితిని. ఆమె మాటలాడలేదు, కొంగుతో కన్నులొత్తుకొనెను. వ్రేళ్లకు నేటికిని స్పర్శ రాలేదు, బహుశః రాదు. ఎంత ముందుగా మానిన అంత దక్కును. ఆలస్యము చేసినవానికి నావలె కొంతయే దక్కును.

మహాశయులారా! నేను కోలుకొనుచున్న కాలమున నాకు కలిగిన గొప్ప యాపద మందులవలన కాదు, బంధువులవలన. ఒక గృహప్రవేశమున 'మానినవారు మాకు పరాయివారా?' అని గ్లాసు ముందుంచిరి. ఆప్యాయతతోనే యుంచిరి. నేను తినకయే లేచి వచ్చితిని. అట్లు లేచిరాలేని యువకులు మనలో ఎందఱో యున్నారు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొన్న స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిరి. వారి యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో ఆ నిషేధము సడలెను. ప్రభుత్వశాసనములు వచ్చును, పోవును. మన పంక్తి మాత్రము మన చేతిలోనిది. కావున ఈ సభను నాలుగు వేడుకొనుచున్నాను. మన పెండ్లిండ్లలోను సంఘకార్యములలోను మద్యము పెట్టరాదు. మానినవానిని ఎవ్వరును బలవంతపెట్టరాదు. కాళ్లు మండుచున్నవన్నవానిని హేళనచేయక, నాటుమందులపాలు చేయక, వైద్యునికడకు పంపవలెను. పేదకుటుంబముల చికిత్సకై సంఘనిధినుండి కొంత ప్రత్యేకింపవలెను. మన పోషకులు విద్యార్థివసతి కిచ్చినట్లే దీనికిని చేయి చాతురని నా నమ్మకము.

ఇంటికిపోయి, మీ యిల్లాండ్రను ఒక్క ప్రశ్న యడుగుడు: 'నేను త్రాగుట యెంత?' వారు చెప్పినది విని కోపపడకుడు.