ముందు సిలబస్, తర్వాత ల్యాప్‌టాప్, చివరికి సాఫ్ట్‌వేర్
మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



పిల్లల పాటలు విని హాయిగా ఉన్న వేళ రూటర్లు, స్విచ్‌లు అంటూ మొదలుపెడుతున్నందుకు క్షమించాలి. కార్యదర్శిగారు "రిటైరయ్యే కుర్రాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి చెప్పండి" అన్నారు. నేను సిగ్నల్స్‌లో 17 ఏళ్ళు పనిచేసి 2023లో బయటికి వచ్చాను. మనవాళ్ళలో చాలామంది ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళకే డిశ్చార్జి తీసుకుంటారు. పిల్లల చదువులు అప్పుడే మొదలవుతాయి. రెండో ఉద్యోగం కోసం సీసీఎన్ఏ రాద్దామనుకునే వాళ్ళు ప్రతి యూనిట్‌లోనూ ఉంటారు. వాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సార్, ప్రాక్టీసుకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?"

ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకుని నేను ఒకసారి ఫెయిలయ్యాను. ఆ కథ ముందు చెప్తాను.

డిశ్చార్జికి ముందు 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. "ఉత్తుత్తి బొమ్మలతో మనకేం పని, అసలు ఐఓఎస్ మీదే నేర్చుకుందాం" అని జీఎన్ఎస్3 ఎక్కించాను. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన రూటర్ ఫైలు పెట్టాను. రెండు రూటర్లు ఆన్ చేసేసరికి ప్రాసెసర్ నూటికి నూరు శాతం! ఐడిల్ పీసీ విలువ సరిచేయడానికి ఒక వారం, వర్చువల్ మెషిన్‌కి ర్యామ్ చాలక ఇంకో వారం. అలా రెండు నెలలు గడిచాయి. మా ఆవిడ ఒక రాత్రి అడిగింది: "ఏమండీ, మీరు చదువుతున్నారా, కంప్యూటర్ రిపేరు చేస్తున్నారా?" నాకు కోపం వచ్చింది. కానీ ఆవిడ అన్నది నిజం.

పరీక్షలో స్విచ్‌ల ప్రశ్నల దగ్గర చెయ్యి ఆగిపోయింది. రూటర్ల మీద చేసిన సాధన ఉంది గానీ ట్రంక్, ఈథర్‌ఛానెల్ నేను చేత్తో కట్టింది లేదు. ఫీజు 300 డాలర్లు, పన్నుతో కలిపి పాతిక వేలు దాటింది. గ్రాట్యుటీ డబ్బులోంచి తీసిన సొమ్ము అది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాదే.

ఇంతకీ సిమ్యులేటర్‌కీ ఎమ్యులేటర్‌కీ తేడా ఏమిటి? మన భాషలో చెప్తాను. సిమ్యులేటర్ శాండ్ మోడల్ లాంటిది. కొండ, వాగు, దారి అన్నీ కనిపిస్తాయి, ప్లాన్ అర్థమవుతుంది. కానీ బురదలో కాలు దిగదు. సిస్కోవారి ప్యాకెట్ ట్రేసర్ అటువంటిది. దానిలో అసలు ఐఓఎస్ ఉండదు, ఐఓఎస్ లాగా జవాబిచ్చే ప్రోగ్రాం ఉంటుంది. వాళ్ళు రాసిపెట్టిన కమాండ్లే పనిచేస్తాయి. ఎమ్యులేటర్ ఎక్సర్‌సైజు లాంటిది. అసలు రూటర్ సాఫ్ట్‌వేరే మీ కంప్యూటర్‌లో నడుస్తుంది, తానొక నిజమైన రూటర్‌లో ఉన్నాననుకుంటుంది. జీఎన్ఎస్3, ఈవీఈ-ఎన్‌జీ ఈ బాపతువి. కాకపోతే ఎక్సర్‌సైజుకి ఖర్చు ఎక్కువ, సామాను ఎక్కువ. శాండ్ మోడల్‌తో తీరే పనికి బ్రిగేడ్‌ను కదపం కదా!

నాకు తెలియక దెబ్బ తిన్న సంగతి ఇంకొకటి ఉంది. జీఎన్ఎస్3 వాడే పాత ఇంజను పేరు డైనమిప్స్. అది రూటర్లను నడుపుతుంది గానీ సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌ను నడపలేదు. స్విచ్ పనంతా ప్రత్యేకమైన చిప్‌ల మీద జరుగుతుంది, వాటిని అది అనుకరించలేదు. రూటర్‌లో స్విచ్ కార్డు పెట్టి కొంత నెట్టుకురావచ్చు. కానీ సిలబస్‌లో ఉన్న ఎల్ఏసీపీ ఈథర్‌ఛానెల్ ఆ కార్డు మీద కుదరదు. నేను తన్నుకున్నది సరిగ్గా అక్కడే.

అందుకని తమ్ముళ్ళూ, ఎంపిక ఇలా చెయ్యండి.

మొదట సిలబస్ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. 2020 ఫిబ్రవరి 24 నుంచి సీసీఎన్ఏ అంటే 200-301 అనే ఒకే పరీక్ష. మీరు రాసేనాటికి ఏ వెర్షన్ నడుస్తోందో సిస్కో సైట్‌లో చూసుకోండి. ప్రతి అంశం ముందు ఒక క్రియ ఉంటుంది. "కాన్ఫిగర్, వెరిఫై" అని ఉన్నచోట ఎర్ర గీత గీయండి. అవే ల్యాబ్‌లో చెయ్యాల్సినవి. "డిస్క్రైబ్, కంపేర్" అన్నవి పుస్తకంతో తీరతాయి. ఎర్ర గీతలన్నీ చూస్తే వీలాన్, ట్రంక్, ఈథర్‌ఛానెల్, ఒకే ఏరియా ఓఎస్‌పీఎఫ్, నాట్, యాక్సెస్ లిస్టు, పోర్ట్ సెక్యూరిటీ వంటివి. ఇవన్నీ ప్యాకెట్ ట్రేసర్‌లో చేసుకోవచ్చు.

రెండోది, మీ ల్యాప్‌టాప్. 4 జీబీ అయితే ఆలోచించక్కర్లేదు, ప్యాకెట్ ట్రేసరే. నెట్‌వర్కింగ్ అకాడమీలో ఖాతా తెరిస్తే ఉచితం. తెరిచేటప్పుడు లాగిన్ అడుగుతుంది కాబట్టి నెట్ అందని పోస్టుకు వెళ్ళేముందే అది సరిచూసుకోండి. దానిలో సిమ్యులేషన్ మోడ్ అని ఉంది. ప్యాకెట్‌ను అడుగడుగునా ఆపి చూడొచ్చు. ఏఆర్‌పీ ఎందుకు ముందు వెళ్తుందో నాకు అక్కడే కళ్ళకు కట్టింది. 16 జీబీ ఉండి, సీసీఎన్ఏ దాటి సీసీఎన్‌పీకి వెళ్తున్నవారు ఎమ్యులేటర్ వైపు చూడండి. సిస్కోవారి మోడలింగ్ ల్యాబ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇమేజీలు లైసెన్సుతోనే వస్తాయి. ఐదు పరికరాల దాకా ఉచితంగా వాడుకునే తరగతి కూడా ఉంది.

మూడోది, యూనిఫాం మర్యాద. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే ఐఓఎస్ ఫైళ్ళు దొంగ సరుకే. నేను వాడాను, సిగ్గుపడుతున్నాను. అందులో ఏ వైరస్ ఉందో కూడా తెలియదు. బజారులో దొరికే ప్రశ్నల కట్టలు కొనకండి, తెలిస్తే సర్టిఫికెట్ రద్దవుతుంది. సర్వీసులో ఉన్నవారికి ముఖ్యంగా చెప్తున్నాను: ఆఫీసు కంప్యూటర్‌లో ఇవేవీ ఎక్కించవద్దు. యూనిట్ నెట్‌వర్క్ నక్షా, అసలు ఐపీ అడ్రసులు, పరికరాల పేర్లు మీ ఇంటి ల్యాబ్‌లోకి రానివ్వకండి. పుస్తకంలోని 192.168 అడ్రసులు చాలు.

నాలుగోది, ఎంచుకున్నాక ఇక మార్చకండి. రెండోసారి నేను రోజుకు గంట, ఒకటే అభ్యాసం. కట్టడం, షో కమాండ్లతో సరిచూడడం, నోటుబుక్కులో రాయడం. ఆదివారం నా పాత సహచరుడొకడు నా ఫైలులో దొంగచాటుగా రెండు తప్పులు పెట్టి పంపేవాడు. ఒకసారి ట్రంక్‌లో నేటివ్ వీలాన్ మార్చాడు, ఒకసారి ఓఎస్‌పీఎఫ్ ఏరియా నంబరు మార్చాడు. వెతికి పట్టుకునేదాకా నాకు భోజనం లేదు. ఐదు నెలలకు పాసయ్యాను. హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్తే ఏ సాఫ్ట్‌వేర్ మీద నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు. "ఈ రెండు వీలాన్లూ ఎందుకు మాట్లాడుకోవడం లేదు, చూడు" అన్నారు. చూశాను, దిద్దాను.

రేంజికి వెళ్ళేముందు మనమంతా బ్యారక్‌లో డ్రై ప్రాక్టీసు చేసినవాళ్ళమే. గుండు పేలకపోయినా గురి అక్కడే కుదిరింది. ఇదీ అంతే. ఈ సభలో ఎవరికైనా సహచరుడు కావాలంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. మీ ఫైలులో తప్పులు పెట్టే పని సంతోషంగా నేను చూసుకుంటాను.

సెలవు. జై హింద్.