స్నానపు కుర్చీ కొనేముందు

(సోలాపూర్ కార్మిక కుటుంబాల సభలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మన సోలాపూర్‌లో నేసిన టర్కీ తువ్వాళ్లతో దేశదేశాల జనం స్నానం చేసి ఒళ్లు తుడుచుకుంటున్నారు. వాటిని నేసి నేసి మోకాళ్లు అరిగిన మనవాళ్లు మాత్రం మోరీలో అడుగు పెట్టాలంటే భయపడుతున్నారు.

మా నాయన నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడి పనిచేశారు. పక్షవాతంతో ఎడమ చెయ్యి, కాలు పడిపోయాక, ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీనే మోరీలో వేశాం. సబ్బు నీళ్లకు దాని కాళ్లు జారాయి. దెబ్బ తగలలేదు. కానీ కోడళ్ల ముందు ఆ స్థితిలో లేపించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత నెల రోజులు, "తడిగుడ్డతో తుడవండి, చాలు" అన్నారు. అప్పుడు మేము నేర్చుకున్నది మీకు చెబుతున్నాను.

మొదట మనిషిని కొలవండి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. చాలామందికి 16 నుంచి 18 అంగుళాల ఎత్తు సరిపోతుంది. మన పాత పీట మీది నుంచి మోకాళ్ల నొప్పులవారు లేవలేరు. తుంటి ఆపరేషన్ అయినవారు అంత కిందికి కూర్చోకూడదు.

తర్వాత మోరీని కొలవండి. కుర్చీ వేశాక బకెట్‌కూ, సాయం చేసేవారికీ చోటు మిగలాలి.

నడుము నిలిచేవారికి స్టూలు చాలు. పక్కకు ఒరిగేవారికి వీపు ఆనుకోవడానికీ, చేతులు పెట్టుకోవడానికీ ఆధారం ఉన్న కుర్చీ కావాలి. కాళ్ల ఎత్తు మార్చగల అల్యూమినియం కుర్చీ అయితే వాలుగా ఉన్న నేలకు సర్దుకోవచ్చు. ఎంత బరువు మోస్తుందో అడగండి. కాళ్ల కింది రబ్బరు బుష్‌లు అరిగితే వెంటనే మార్చండి.

తువ్వాలు వేసే రాడ్డు మనిషి బరువుకు ఆగదు. అతికించే పిడి గరుకు సిమెంటు గోడకు నిలవదు. గట్టి గోడకు డ్రిల్ వేసి, స్టీలు పిడి బిగించండి. పిడి, బకెట్ రెండూ బాగున్న చేతి వైపే ఉండాలి. నీళ్ల వేడి కూడా ఆ చేత్తోనే చూడాలి. స్పర్శ లేని చేతికి కాలినా తెలియదు. తలుపు దగ్గరగా వేసుకోవచ్చు గానీ, లోపల గడియ పెట్టవద్దు.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన 60 ఏళ్లు దాటిన పేదలకు సహాయక పరికరాలు ఉచితంగా ఇచ్చే పథకం. శిబిరం పెట్టినప్పుడు చేతికర్ర ఒక్కటే తీసుకుని తిరిగి రాకండి. స్నానానికి పనికివచ్చే కుర్చీ ఉందేమో అడగండి. అది దయాదానం కాదు.

మా నాయన చివరి రెండేళ్లు తన చేత్తో తానే చెంబుతో నీళ్లు పోసుకున్నారు. ఆయన పోయాక ఆ కుర్చీ ఇంట్లో ఊరికే ఉంది. ఈరోజు దాన్ని యూనియన్ ఆఫీసుకు తెచ్చి ఇచ్చాను. మీ ఇళ్లలో అవసరం తీరినవి ఉంటే మీరూ ఇవ్వండి. కావలసినవారు కొలతలు రాసుకుని రండి.