గొఱ్ఱెల కాపరి సంవత్సరము

ప్రభుత్వ కార్యాలయములలో సంవత్సరము ఏప్రిలు మొదటి తేదీన ఆరంభమగును. పంచాంగములో చైత్రశుద్ధ పాడ్యమినాడు ఆరంభమగును. తెలంగాణపు మెట్ట పల్లెలలోని గొఱ్ఱెల కాపరికి మాత్రము మృగశిర కార్తెలో తొలకరి వాన నేలను తడిపిన దినమే సంవత్సరాది. ఆ తడికి మొలచిన గడ్డిమీదనే అతని ఇంటి తిండి, బిడ్డల చదువు, ఆడపిల్ల పెండ్లి ఆధారపడి యుండును. అట్టి కుటుంబము ఏడాది పొడుగునను ఎట్లు జీవించునో, ఆ జీవనమునకు మూలమైన గడ్డిపై దానికి గల హక్కు ఎంతటిదో విచారించుటయే ఈ ప్రసంగ విషయము.

పాలమూరు, నల్లగొండ ప్రాంతములలో ఈ వృత్తి ముఖ్యముగా గొల్లలది, కురుమలది. ఒక చిన్న కుటుంబమునకు ఏబదియో నూఱో గొఱ్ఱెలుండును. భూమి కొలదిగా నుండును, లేదా అసలే యుండదు. మందయే వారి ఆస్తి. కాని ఆ మంద మేయునది పరుల నేల. ఊరి బంజరు, గుట్టల వాలు, చెఱువు శిఖము, కోత యైన చేను, అడవి, వీనిలో ఏదియు కాపరిది కాదు. ఈ సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

తొలకరితో పని మొదలగును. వేసవిలో ఎముకలు తేలిన గొఱ్ఱెలు పచ్చికను చూచి ఆత్రముతో మేయును. ఆ ఆత్రమే అపాయము. సాయంకాలము వఱకు చక్కగా మేసిన గొఱ్ఱె తెల్లవారునప్పటికి చచ్చి పడియుండును. దీనినే చిటుక రోగ మందురు. అందుచేతనే వానలకు ముందే టీకా వేయించుట, నట్టల మందు త్రాగించుట అవసరము. వాన మొగము చాటువేసినప్పుడు వాడిన లేత జొన్నపైరును మేసినను గొఱ్ఱె విషముచేత పడిపోవును. చేలన్నియు విత్తియుండుటచే మందను గుట్టలకును బీళ్ళకును తోలవలెను. ఒక గొఱ్ఱె గట్టు దాటినను తగవే. పూర్వము బందెలదొడ్డికి తోలించెడివారు, నేడు తప్పు కట్టించుకొందురు. ఈ వానలలో కాపరి గొంగడిని తలపై కొప్పెరగా వేసికొని రోజంతయు నిలుచుండును. ఆ గొంగడియే అతనికి గొడుగు, రాత్రికి పఱుపు, చలికి దుప్పటి.

ఆ దినములలో పొట్టేళ్ళతో కలిసిన గొఱ్ఱెలు ఐదు నెలలకు, అనగా కార్తీక మార్గశిరములలో, ఈనును. అది ఇంటిల్లిపాదికి నిద్రలేని కాలము. పుట్టిన పిల్లను తుడుచుట, తొలిపాలు పట్టించుట, తల్లి దగ్గఱకు రానీయనిచో పట్టి నిలిపి కుడిపించుట ఆడువారి చేతిమీదుగా జరుగును. పగలు తల్లులు మేతకు పోగా పిల్లలు గంపల క్రింద నుండును. ముసలివారు వానికి లేతాకు మేపుదురు. సందెవేళ మంద తిరిగి వచ్చునప్పుడు ఎన్ని పిల్లలు అఱచుచున్నను ప్రతి తల్లియు తన పిల్లను వాసనచేతనే కనుగొనును.

పంటలు ఇల్లు చేరిన పిదప కాపరికి రైతుతో చుట్టరికము కలియును. అంతవఱకు మందను అదలించిన రైతే ఇప్పుడు కాపరి ఇంటికి వచ్చును.

“ఈ యేడు మంద మా చేనికే తోలాలె తమ్మీ.”

“అట్లనే పటేలా. పది రాత్రులు పెడ్త. గింజలు మాత్రం ముందుగాల కొల్వాలె.”

ఇంతియే ఒడంబడిక. కాగితము లేదు, సాక్షి లేడు. పగలు గొఱ్ఱెలు ఆ చేలలోని మోళ్ళను, రాలిన ఆకును మేయును. రాత్రి ఆ చేనిలోనే మంద కట్టుదురు. మఱునాటి రాత్రికి మంద ప్రక్క చెక్కకు జరుగును. పెంటికయు మూత్రమును నేలకు ఎరువగును. రైతు గింజలో రూకలో ఇచ్చును. కోత యైన చేను గొఱ్ఱెకు మేత, గొఱ్ఱె పెంటిక చేనికి బలము. ఈ ఇచ్చిపుచ్చుకొనుట గ్రామమున ఎన్నో తగవులను మాన్పినది.

శివరాత్రి దాటి, బీళ్ళు ఎండి, కుంటలు అడుగంటగా వలస కాలము వచ్చును. నాలుగైదు కుటుంబములు మందలను కలుపుకొని కృష్ణాతీరమునకో నల్లమల అడవులకో సాగిపోవును. మార్గమున తుమ్మకాయయే గొఱ్ఱెలకు దాణా. నడువలేని గొఱ్ఱెలు, పసిపిల్లలు, ముసలివారు ఇంటి పట్టున నుందురు. వారి భారము ఆడువారిది. మృగశిర సమీపింపగా మంద ఊరి దారి పట్టును. దానితో ఒక సంవత్సరము ముగిసినట్లు.

ఈ చక్రమంతయు గడ్డిమీద తిరుగుచున్నది. గడ్డికి చెల్లించు పన్నునకు తెలుగులో పుల్లరి యని పేరు. గొల్లలు తరతరములుగా కొలుచుకొను కాటమరాజు కథకు కేంద్రమైనది ఈ పుల్లరి తగవే. కఱవు వచ్చి ఆవుల మందలతో నెల్లూరి సీమకు వలసవచ్చిన కాటమరాజునకును, నెల్లూరి నేలిన సిద్ధిరాజునకును పచ్చిక విషయమై ఒడంబడిక కుదిరి, అది చెడి, యుద్ధమైనదని ఆ కథ. అందు ఖడ్గతిక్కన మడిసెనని ప్రసిద్ధి. బ్రిటిషువారి కాలమున పల్నాటి అడవులలో పశువుల మేతపై విధించిన పుల్లరిని ఎదిరించి కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు కాల్పులకు ప్రాణమిచ్చెను. కథలోను చరిత్రలోను ప్రశ్న ఒక్కటియే: గడ్డి ఎవరిది?

నేడు ఆ ప్రశ్న మఱియొక రూపమున వచ్చినది. బోరుబావులు వచ్చి చేలు రెండు పంటలు పండుచున్నవి. ప్రత్తి చాలకాలము చేనిలోనే నిలుచుచున్నది. తోటల చుట్టును తీగకంచెలు లేచినవి. బంజరులు పట్టాలై, పట్టాలు ఇండ్ల స్థలములైనవి. రసాయనపు ఎరువు మూటలు వచ్చిన చోట మందకై కాపరి ఇంటికి వచ్చు రైతులు తగ్గిరి. నాగార్జునసాగరు శ్రీశైలము అరణ్యము 1983లో పులుల రక్షిత ప్రాంత మైనది. పులిని కాపాడుట అవసరమే. కాని ఆ దారిని వేసవి గడపిన మందలకు బదులు దారి చూపవలసి యున్నది.

గొఱ్ఱె జాతియు మాఱినది. దక్కనీ జాతి నల్లని ముతక ఉన్ని నిచ్చును, ఎండకును దూరపు నడకకును ఓర్చును. ఏటికి రెండు మారులు ఉన్ని కత్తిరించి, స్త్రీలు వడకగా, కురుమలు గుంత మగ్గముపై గొంగడి నేసి చింతగింజల గంజి పెట్టెడివారు. ఉన్నికి ధర పడిపోయి కత్తిరింపు కూలియైనను రాని స్థితి వచ్చినది. మాంసమునకు గిరాకి పెరిగినది. కావున ఉన్ని లేని, ఎత్తైన నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలలో విడిచిరి. కాపరి చేసినది తప్పనుటకు వీలులేదు. అయినను ఆ మార్పుతో మందలలో ఉన్ని క్షీణించినది. దానితో మగ్గములు ఒక్కొక్కటిగా మూతపడినవి.

తెలంగాణ ప్రభుత్వము 2017లో ఒక్కొక్క లబ్ధిదారునకు ఇరువది గొఱ్ఱెలను, ఒక పొట్టేలును నూటికి 75 వంతుల రాయితీపై ఇచ్చు పథకమును ఆరంభించెను. 2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలకు చేరి, తెలంగాణ దేశమున ప్రథమస్థానము పొందినది. ఇది సంతోషింపదగినదే. కాని గొఱ్ఱెలను లెక్కించినట్లు అవి మేయు బీళ్ళను లెక్కించిన వారెవరు? మందకు ఇరువది గొఱ్ఱెలు చేరినవి. మేతనేలకు ఒక్క గుంటయైనను చేరలేదు.

మార్గములు లేకపోలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము మేత హక్కును, వలస కాపరుల ఋతుపరమైన ప్రవేశమును గుర్తించినది. ఆ అక్షరములను ఆచరణలోనికి తేవలెను. ప్రతి గ్రామమున మిగిలియున్న బంజరును, చెఱువు శిఖమును మేతభూమిగా దస్త్రములలో వ్రాసి నిలుపవలెను. మందలు నడచు పాత దారులను, నీటి రేవులను గుర్తించి విడువవలెను. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చికబయళ్ళ, పశుకాపరుల సంవత్సరముగా 2022లోనే ప్రకటించినది. ప్రపంచము గుర్తించిన దానిని మన గ్రామ దస్త్రములు గుర్తింపకుండుట తగదు.

దస్త్రములతో పరిచయము గల ఈ సభకు ఇంతకన్న చెప్పనక్కఱలేదు. ఊరి బంజరును ఇంకొక పనికి మార్చుటకు ఒక్క కాగితము చాలును. ఆ కాగితముమీద సంతకము పడునప్పుడు రోహిణి ఎండలో నల్లమల నుండి ఇంటికి నడచివచ్చు ఒక మంద ఉన్నదనియు, దానికి మృగశిరలో మొలచు ఆ గడ్డి తప్ప వేఱు దిక్కు లేదనియు గుర్తు చేయువా రొక్కరు ఉండవలెను.