నీరసం సోమరితనం కాదు
(ఉగాది ఉత్సవాల మహిళా సభలో చేసిన ఉపన్యాసం)



పండుగపూట యీ విషయమేమిటని కొందరికి తోచవచ్చు. ఉగాది పచ్చడి తిన్న నోటితో బహిష్టు సంగతి మాట్లాడడం బాగుండదని పెద్దలు అనుకోవచ్చు. కాని యేడాదికి ఒకసారే మనం యింతమందిమి ఒకచోట చేరుతాం. నలుగురిలో చెప్పుకోరాదన్న సిగ్గువల్లనే యెందరో యిల్లాళ్ళు యేళ్ళ తరబడి రక్తం పోగొట్టుకొంటూ, దానికి నీరసమని పేరుపెట్టి సరిపెట్టుకొంటున్నారు. అంచేత సభలోని మగవారు కూడా లేచి వెళ్ళకుండా వినవలసిందని కోరుతున్నాను.

మన షోలాపురంలో అనేక తెలుగు యిళ్ళకు బీడీల చేటే ఆధారం. తెల్లవారకముందే లేచి, నీళ్ళు పట్టి, జొన్నరొట్టెలు చేసి, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి, కార్ఖానాలో అప్పగించి వచ్చేసరికి యెవరికైనా అలసట కలుగుతుంది. అది రాత్రి నిద్రతో తీరుతుంది. నేను చెప్పేది నిద్రతో తీరని అలసట. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, గుండెదడ, తలతిప్పు, జుట్టు రాలడం, గోళ్ళు పెళుసెక్కడం, కనురెప్పల లోపలి యెరుపు తగ్గడం దాని గుర్తులు. కొందరికి బలపాలు, మట్టి, పచ్చిబియ్యం తినాలనిపిస్తుంది. దాన్ని చాపల్యమని వెక్కిరించకండి. అది శరీరంలో యినుము కరువైనదని చెప్పే గుర్తు కావచ్చు.

యీ కరువు యెలా వస్తుందో లెక్కవేసి చూద్దాం. ఒక బహిష్టులో పోయే రక్తం సగటున 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికస్రావం. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము యినుము వుంటుంది. 80 పోతే 40 మిల్లీగ్రాములు పోయినట్లే. ఇదిగాక ప్రతి మనిషికీ రోజుకు సుమారు ఒక మిల్లీగ్రాము నష్టం వుండనే వున్నది. అంటే నెల ఖర్చు 70. తిన్న తిండినుంచి శరీరం సామాన్యంగా గ్రహించేది రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములే. అంటే రాబడి 30 మొదలు 60. ఖర్చు రాబడిని మించిన యింట్లో ముందు దాచినది కరిగిపోతుంది, తరువాత పస్తులు మొదలవుతాయి. ఒంట్లోనూ అంతే. ముందు నిలువ తరుగుతుంది, ఆ తరువాతే రక్తం పలచబడుతుంది.

మిల్లీలీటర్లు యెవరు కొలుస్తారని అడుగుతారు. కొలవనక్కరలేదు. గంటకో రెండుగంటలకో గుడ్డ మార్చవలసి రావడం, రాత్రి లేచి మార్చుకోవడం, రూపాయి బిళ్ళకంటె పెద్ద గడ్డలు పడడం, ఏడురోజులు దాటినా ఆగకపోవడం, మరకల భయంతో పనికో పెళ్ళికో పోలేకపోవడం. వీటిలో ఒక్కటున్నా డాక్టరుకు చెప్పవలసిందే. “మా అమ్మకూ యింతే, మా అక్కకూ యింతే” అన్నంతమాత్రాన అది ఆరోగ్యం కాదు.

పరీక్షలు సులభం. గర్భిణి కాని స్త్రీకి హీమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 యేళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వున్నట్లు తేలింది. అయితే 12 పైన వున్నవారు కూడా నిశ్చింతగా వుండరాదు. నిలువను తెలిపేది ఫెరిటిన్ అనే పరీక్ష. అది 15కు తగ్గితే నిలువ అడుగంటినట్లు. 30కి తగ్గినా చాలామంది డాక్టర్లు అనుమానిస్తారు.

ఇక తిండి మాట. సజ్జలు, ఉలవలు, శెనగలు, నువ్వులు, తోటకూర, మునగాకు మంచివి. మాంసం తినేవారికి కార్జం మరీ మంచిది. బీట్‌రూటు యెర్రగా వున్నదని రక్తమై పోదు. పప్పుమీద నిమ్మకాయ పిండుకోండి, ఉసిరి, జామ తినండి. వాటిలోని సి విటమిను గింజలలోని యినుమును ఒంటికి పట్టేట్లు చేస్తుంది. ఇనుప మూకుట్లో పులుసు కాస్తే కొంత యినుము దానిలో దిగుతుంది. అన్నం తింటూనే చాయ్ తాగవద్దు. గంటసేపైనా ఎడం వుండాలి.

కాని నిలువ ఖాళీ అయిన తరువాత తిండి ఒక్కటే చాలదు. మాత్రలు కావాలి. 2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్ భారత్ పథకం క్రింద ప్రభుత్వ దవాఖానాలలో యినుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ఉచితంగా యిస్తారు. యీ ఫోలిక్ ఆమ్లం వెనుక మనకు గర్వకారణమైన కథ వున్నది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మికురాండ్ర రక్తహీనతను పరిశోధించింది. ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని మందు ఫోలిక్ ఆమ్లమని తరువాత తెలిసింది. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినది, భీమవరంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాల. ఇల్లు వదలి దూరదేశం పోయిన తెలుగువాడి శ్రమ ఆ మాత్రలో వున్నది. దాన్ని చెత్తకుండీలో పారవేయకండి.

మాత్ర వేసుకొంటే మలం నల్లబడుతుంది, భయపడవద్దు. కడుపులో తిప్పినా, మలబద్ధకం కలిగినా మానక డాక్టరుతో చెప్పండి. రోజు విడిచి రోజు యిచ్చినా బాగా పట్టవచ్చు. హీమోగ్లోబిన్ సరిపడిన తరువాత కూడా నిలువ నిండడానికి సుమారు మూడు నెలలు వాడాలి. పిల్లలకు అందకుండా దాచండి. వారు ఎక్కువగా మింగితే ప్రాణాపాయం.

కుండకు చిల్లి వుండగా నీళ్ళు పోస్తే లాభమేమి? స్రావానికి కారణం కూడా వెదకాలి. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్ లోపం, హార్మోన్ల తేడా, కాపర్-టి, రక్తం గడ్డకట్టని జబ్బు, అరుదుగా క్యాన్సరు కావచ్చు. బహిష్టు రోజులలో వేసుకొనే ట్రనెక్సామిక్ ఆమ్లం, హార్మోను మాత్రలు, హార్మోను వున్న లూపు వంటి చికిత్సలు వున్నాయి. యెవరికి ఏది తగునో డాక్టరే నిర్ణయించాలి. గర్భసంచి తీయించడం ఒక్కటే మార్గమని ఎవరైనా అంటే, రెండవ డాక్టరును అడగండి. మన మహారాష్ట్రలోనే బీడ్ జిల్లాలో చెరకు నరికే స్త్రీలు కూలి పోతుందన్న భయంతో యెంతమంది ఆ ఆపరేషను చేయించుకొన్నారో 2019లో దేశమంతా విన్నది. ముట్లుడిగిన తరువాత రక్తం కనబడినా, గంటకొక గుడ్డ చొప్పున వరుసగా తడుస్తున్నా, సొమ్మసిల్లినా ఆలస్యం చేయవద్దు.

ఇక అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మాట. యింటి ఆడమనిషి మధ్యాహ్నం కూలబడితే “ఏం పని చేశావని?” అని అడగకండి. దవాఖానకు తోడు వెళ్ళండి. అత్తలారా, అందరూ తిన్న తరువాత మిగిలినది కోడలికి అనే ఆచారాన్ని యీ ఉగాదితో విడిచిపెట్టండి. తల్లులారా, పెద్దమనిషి అయిన కూతురితో యీ సంగతి మీరే మాట్లాడండి.

పంచాంగ శ్రవణంలో ఆదాయవ్యయాలు విన్నాం. మన ఒంటి ఆదాయవ్యయాలు కూడా యీ యేడు ఒక్కసారి చూపించుకొందాం.